పాస్టరు గారొచ్చే రోజు

ఆస్టర్‌డాల్,
సెప్టెంబరు, కాలేజీ తెరిచిన వారం

చిన్నీ,

నిన్న ఫోన్ తీయలేదని అలగకు. ఫోన్‌లో నీ గొంతు ఆఫీసు గొంతైపోతుంది, నాకు ఒళ్ళు మండుతుంది, ఇద్దరం పోట్లాడుకుని పెట్టేస్తాం. ఉత్తరంలోనైతే నువ్వు ఇంకా నా చెల్లెలివే. అందుకే రాస్తున్నాను. జవాబు నీ చేత్తోనే రాయి. టైపు కొట్టి పంపావంటే చదవకుండా పొయ్యిలో వేస్తాను.

కాలేజీ తెరిచాం. ఈ ఏడు కూడా కార్లు పెట్టే చోట మోకాటి లోతు బురద. వెల్డింగ్ షెడ్డుకి కొత్త కప్పు వేస్తామన్నారు, పాత కప్పుకే రంగు పూసి చేతులు దులుపుకున్నారు. లావోన్ నడిపే క్యాంటీన్ మధ్యాహ్నానికే మూసేయాలని మీ పెద్ద క్యాంపస్ వాళ్ళ ఆర్డరు. ఆవిడ ముందు షట్టరు దించేసి వెనక కిటికీలోంచి పిల్లలకి సూపు అందిస్తూనే ఉంది. రోడియో పోటీలకెళ్ళే స్వారీ జట్టు గుర్రాలు మాత్రం మా అందరికన్నా సుఖంగా ఉన్నాయి.

నా పిల్లల గది కిటకిటలాడుతోంది. క్లాసుకి వెళ్ళే ప్రతి తల్లీ బిడ్డను నా ఒళ్ళో పడేసి పరిగెడుతుంది. మా గది అద్దంలోంచి నర్సింగ్ వాళ్ళ ల్యాబు కనబడుతుంది కదా, అక్కడ మంచం మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మకి మా వాళ్ళు ఆల్బర్ట్ తాత అని పేరు పెట్టారు. పొద్దున్నే అద్దం దగ్గర నిలబడి, తాత ఇంకా లేవలేదేంటని అడుగుతారు. నిన్న ట్రినా కూతురు ఓపల్ తన బిస్కట్టు సగం విరిచి తలుపు కింద నుంచి తోసింది, తాతకి ఆకలేస్తోందని.

ట్రినా గురించి నీకు చెప్పాను. ఆ పిల్ల వాగుకి అవతల వాళ్ళ తాత పశువుల దొడ్డి చూసుకుంటూ నర్సింగ్ చదువుతోంది. మొగుడు వేరే రాష్ట్రంలో చమురు బావుల దగ్గరికని వెళ్ళి అటే పోయాడు. పొద్దున పేడ బూట్లతో వచ్చి, ఓపల్‌ని నాకిచ్చి, నా తలుపు వెనకే బూట్లు మార్చుకుని క్లాసుకి పోతుంది. ఈ చలికాలం గడిస్తే నర్సు అయిపోతుంది. మన ఊరి ముసలివాళ్ళ ఆసుపత్రిలో ఆ పిల్ల కోసం ఉద్యోగం పట్టుకు కూర్చున్నారు. నా గదే లేకపోతే ట్రినాకి చదువు లేదు. ఓపల్‌ని ఎవరికి వదలాలి, ఆవులకా?

అసలు సంగతికొస్తాను. అన్ని క్యాంపస్‌లకీ కలిపి ఒక్క పిల్లల గదే ఉంచుతారని, మిగతావి ఎత్తేస్తారని ఇక్కడ గుసగుసలాడుకుంటున్నారు. మా గది పక్కన ఉన్న తిండి అలమార కూడా పోతుందట. శుక్రవారం శుక్రవారం విద్యార్థులు సంచులు పట్టుకొచ్చి పిండీ, డబ్బా చిక్కుళ్ళూ తీసుకెళ్తారే, అది. నువ్వు అక్కడే, విద్యార్థుల సేవల ఆఫీసులోనే కూర్చుంటావు. నిజమో కాదో నాకు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాను.

నీ అక్క,
మార్లిస్


ఫెయిర్‌బర్న్,
సెప్టెంబరు చివర

అక్కా,

ఇదిగో, నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని వెక్కిరించకు.

ఆస్టర్‌డాల్‌లో ఒకరికి తుమ్మొస్తే సాయంత్రానికి ఊరంతా న్యుమోనియా అంటారు. ఇంకా ఏదీ తేలలేదు. బోర్డు సభ్యులు కొందరు కమిటీగా అన్ని క్యాంపస్‌లూ తిరిగి, ఏ సౌకర్యం ఎంత అవసరమో చూసి చెప్తారు, అంతే. మీ దగ్గరికి అక్టోబరు రెండో శుక్రవారం వస్తున్నారు. వాళ్ళు నేరుగా చూడ్డానికి వస్తున్నారు కాబట్టి కంగారు పడకండి. మంచి మనుషులు. వాళ్ళలో హాల్వర్ నెస్ అని పొద్దుతిరుగుడు పండించే రైతు ఉన్నాడు, నీకు నచ్చుతాడు.

ఎలా ఉండాలని అడుగుతావని తెలుసు. నీకు నేను చెప్పాలా అక్కా? పాస్టరు గారొచ్చే రోజు అమ్మ ఇల్లు ఎలా ఉంచేదో అలా ఉంచు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

నేను మాత్రం వాళ్ళతో రాను. అక్కాచెల్లెళ్ళమని అందరికీ తెలుసు, బాగుండదు. బావ నడుము నొప్పి ఎలా ఉంది? లారీ మళ్ళీ తోలుతున్నాడా?

నీ
కోరిన్


ఆస్టర్‌డాల్,
అక్టోబరు, కమిటీ వచ్చి వెళ్ళిన మర్నాడు

చిన్నీ,

గెలిచాం. అమ్మ ఉంటే మెచ్చుకునేది. నడుం విరిగిపోయింది గాని, రాయకుండా ఉండలేను.

నీ ఉత్తరం లావోన్‌కి చదివి వినిపించాను. పాస్టరు గారొచ్చే రోజు అనగానే ఆవిడ నవ్వింది. వాళ్ళ ఇంట్లోనూ అంతేనట. మన ఈ మైదాన ప్రాంతంలో ఏ ఇంట్లో కాదు చెప్పు. నీకు గుర్తుందా, ఆయన వస్తున్నాడంటే అమ్మ తీగ మీద తడి బట్టలు తడిగానే లోపలికి లాగేసేది. నాన్న బూట్లు షెడ్డులోకి. ఏడాదంతా తెరవని ముందు తలుపు ఆ ఒక్కరోజు తెరిచేది. మనిద్దరి చేతుల్లో కేకు అంచులు పెట్టి పశువుల కొట్టంలోకి తోసేది, వచ్చినవాళ్ళ ముందు కేకు అడిగి పరువు తీస్తామని. నువ్వు చలికి ఏడిస్తే నా చేతి తొడుగులు తీసి నీకేశాను. ఆయన ఇంట్లోకి వచ్చి, ఇల్లంటే ఇలా ఉండాలమ్మా అనేవాడు. అమ్మ ఆ మాట మీద ఏడాదంతా బతికేది.

మేమూ అలాగే చేశాం. గురువారమంతా నేల కడిగి మైనం పట్టించాం. వెల్డింగ్ కుర్రాళ్ళు మెట్ల రెయిలింగుకి రంగేశారు. వాళ్ళలో ఇద్దరు కార్లలోనే పడుకుంటున్నారు, అద్దెకి గది దొరక్క. ఆ కార్లని ధాన్యం గిడ్డంగి వెనక్కి తీసుకెళ్ళి పెట్టమన్నాం, కాలేజీ ముందు దుప్పట్లూ దిళ్ళూ కనబడితే ఏం మర్యాద? సంచుల వాళ్ళని శనివారం రమ్మన్నాం. తిండి అలమార సగం ఖాళీగా ఉంటే లావోన్‌కి ఉండబట్టలేదు. నువ్వు నమ్మవు, ఇంటింటికీ వెళ్ళి వాళ్ళ వాళ్ళ నేలమాళిగల్లోంచి జామ్ సీసాలూ, ఊరగాయలూ, పిండి బస్తాలూ తెచ్చి అరలన్నీ నింపేసింది. పెళ్ళివారి విడిదిలా ఉందనుకో. ఇవాళ ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలి.

పిల్లల్ని చర్చి నేలమాళిగకి పంపించాం. ఇద్దరు ముసలమ్మలు చూసుకున్నారు. ట్రినా ఒక్కతే పేచీ పెట్టింది. "మేము ఇక్కడే ఉంటే ఏం? మా గురించే కదా వాళ్ళొచ్చేది. అడిగితే నేనే చెప్తా మార్లిస్" అంది. నేను ఆ పిల్ల బూట్ల వంక చూసి, "ఈ పేడతోనా?" అన్నాను. ఓపల్‌ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. తర్వాత సర్ది చెప్పాలి.

కమిటీ వాళ్ళు ముందు తలుపులోంచి వచ్చారు. పిల్లల గదిలోకి రాగానే గుమ్మంలో ఆగిపోయారు. నేల అద్దంలా మెరుస్తోంది. బొమ్మలన్నీ ఎత్తు ప్రకారం వరసగా ఉన్నాయి. చిన్న కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. హాల్వర్ నెస్ టోపీ తీసి, "ఎప్పుడూ ఇంత ప్రశాంతంగా ఉంటుందా అమ్మా?" అన్నాడు. నేను చేతులు ముందు కట్టుకుని, "ఎప్పుడూ ఇంతేనండి" అన్నాను. అమ్మ నవ్వే నవ్వు నవ్వాననుకో. లావోన్ పక్కకి తిరిగి దగ్గింది.

పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు రెండేసి ముక్కలు తిన్నారు. వెళ్తూ వెళ్తూ, చాలా పద్ధతిగా ఉంచారని మరీ మరీ చెప్పారు. ఇక భయం లేదనుకుంటున్నాను. వాళ్ళు ఏమన్నారో నువ్వు వినే ఉంటావు, నాకు రాయి.

నీ అక్క,
మార్లిస్

మీ బావ ఇంకా లారీ ఎక్కలేదు. బాగానే ఉన్నాడు. మేం బాగానే ఉన్నాం.


ఫెయిర్‌బర్న్,
అక్టోబరు చివర

అక్కా,

కమిటీ వాళ్ళు మీ మర్యాద గురించి ఇక్కడ గొప్పగా చెప్పుకున్నారు. కేకు గురించి హాల్వర్ గారు నాతో ప్రత్యేకంగా అన్నారు.

నువ్వు నిజంగానే "ఎప్పుడూ ఇంతే" అన్నావా? సరే. నివేదిక రాస్తున్నారు. అందులో ఏముందో నాకు తెలియదు.

ఇక్కడ అప్పుడే మంచు మొదలైంది. పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను. ట్రినాకి సర్ది చెప్పావా?

కోరిన్


ఆస్టర్‌డాల్,
నవంబరు మొదటి వారం

కోరిన్,

నివేదిక మాకూ వచ్చింది. క్రిస్మస్ సెలవులతో మా పిల్లల గది మూత. ఫెయిర్‌బర్న్‌లో గదిని ఉంచి పెద్దది చేస్తారట. మా గది "వాడకంలో లేదు" అని రాశారు. తిండి అలమార "నిండుగా ఉంది, అవసరమైనవారు ఉన్నట్టు కనబడలేదు" అని రాశారు. ఇళ్ళు లేని విద్యార్థులు ఆస్టర్‌డాల్‌లో లేరట. అదృష్టవంతులం.

మా క్యాంపస్ పెద్దాయన వెంటనే బోర్డు వాళ్ళకి ఫోన్ చేసి, పిల్లల పేర్లు పంపిస్తామన్నాడు. పేర్లు కాగితం మీద ఎన్నైనా రాయొచ్చు, మేం కళ్ళారా చూసి వచ్చాం, ఆవిడే స్వయంగా చెప్పింది అన్నారట. ఆవిడంటే నేను. నా నోటితో నేనే చెప్పాను. 

లావోన్ క్యాంటీన్‌లో కూర్చుని ఆ కాగితం చదివి, "పైన పటారం, లోన లొటారం అంటే తిడతారు. మనం లోపల ఉన్న ప్రాణాన్నే దాచేసి పటారం చూపించాం" అంది. ట్రినా ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల నన్ను తిట్టినా బాగుండేది.

ఒక దారి ఉంది. మూడో వారంలో ఫెయిర్‌బర్న్‌లో బోర్డు సమావేశం. ఎవరైనా లేచి మాట్లాడొచ్చట. మేమంతా వస్తున్నాం. కానీ మేం మాట్లాడితే, అప్పుడొక మాట ఇప్పుడొక మాట అంటారు. నువ్వు లేచి ఒక్క మాట చెప్పు. ఎవరైనా వస్తున్నారంటే మా వైపు మనుషులు పిల్లల్నీ, కష్టాన్నీ వెనక్కి దాచేస్తారు, అది అబద్ధం కాదు, మా పెంపకం అని చెప్పు. పాస్టరు గారొచ్చే రోజు సంగతి ఆ గదిలో నీకు తప్ప ఎవరికీ తెలియదు. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచడం ఇక చాలు. మీ బావ వేసవి నుంచీ పనిలో లేడు. ఆ అలమారలోంచి శుక్రవారాలు పిండి సంచి తెచ్చుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. అందరూ వెళ్ళాక తెచ్చుకునేదాన్ని. లావోన్ చూడనట్టు బల్లలు తుడుస్తూ ఉండేది.

మార్లిస్


ఫెయిర్‌బర్న్,
నవంబరు రెండో వారం

అక్కా,

బావ సంగతి నాకెందుకు చెప్పలేదు? ఈ ఉత్తరంతో కొంత పంపిస్తున్నాను, తిప్పి పంపకు.

సమావేశంలో నేను మాట్లాడలేను. నువ్వు అర్థం చేసుకోవాలి. నేను లేస్తే సొంత అక్క ఉద్యోగం కోసం లేచిందంటారు, అది మీకే చేటు. నీకు చెప్పాలనుకుంటూనే ఆగాను. జనవరి నుంచి అన్ని క్యాంపస్‌ల విద్యార్థుల సేవలకీ నన్ను డైరెక్టర్‌ని చేశారు. బయటికి చెప్పవద్దన్నారు గనక నీక్కూడా చెప్పలేదు. ఈ పదవిలో ఉండి నేను ఒక ఊరి పక్షం వహించకూడదు.

నేను చేయగలిగింది చేస్తాను. ఇక్కడి పెద్ద పిల్లల గదిలో నీకు సహాయకురాలి ఉద్యోగం ఇప్పించగలను. ట్రినా కావాలంటే చదువు ఇక్కడికి మార్చుకోవచ్చు, ఫీజు తేడా లేకుండా చూస్తాను. చలికాలంలో దారి కష్టమే, కాదనను. కాని చాలామంది అలా తిరుగుతున్నారు. కాస్త పెద్ద మనసుతో ఆలోచించు. ఇది నీ ఒక్క గది గురించి కాదు.

కోరిన్


ఆస్టర్‌డాల్,
నవంబరు చివర

కోరిన్,

నువ్వు పంపినది తిప్పి పంపుతున్నాను. కోపంతో కాదు, అది తీసుకుంటే ఈ ఉత్తరం రాయలేను కాబట్టి.

సమావేశంలో నువ్వు మమ్మల్ని చూశావు. గోడ పక్కన ముందు వరసలో కూర్చుని కాగితాలు చూసుకుంటూ ఉన్నావు. లావోన్ మాట్లాడింది. వెల్డింగ్ కుర్రాడు టోపీ నలుపుకుంటూ, నేను కార్లో పడుకుంటానని అందరి ముందూ చెప్పాడు. ఆ మాట చెప్పడానికి వాడికి ఎంత కష్టమైందో నీకు తెలుసు. తెలిసీ తల ఎత్తలేదు. ట్రినా ఓపల్‌ని చంకనేసుకుని, పేడ బూట్లతోనే వచ్చి నిలబడింది. ఈసారి నేను ఏమీ అనలేదు. "ఇదిగో, నా కూతురు. ఆ రోజు చర్చి నేలమాళిగలో ఉంది. మీరు చూడాలంటే ఇప్పుడు చూడండి" అంది. అధ్యక్షుడు గడియారం చూసుకుని, "మేం వచ్చిన రోజున చూపించి ఉండాల్సిందమ్మా" అన్నాడు. ఓపల్ చేతిలో పళ్ళరసం డబ్బా ఆ కార్పెట్ మీద ఒలికింది. ఎవరో పరిగెత్తుకొచ్చి తుడిచారు. చర్చ అంతటితో అయిపోయింది.

ఆ తర్వాత కాఫీ దగ్గర హాల్వర్ నెస్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముసలాయన కళ్ళు తడిగా ఉన్నాయి. నన్ను ఓదార్చడానికే వచ్చాడు పాపం. "ఏం చేస్తామమ్మా, మా చేతుల్లో లేదు. కాని మీ చెల్లెలు ఉంది చూశావూ, బంగారం. మేం చెప్పా పెట్టకుండా వద్దామనుకున్నాం, ఉన్నదున్నట్టు చూద్దామని. ఆవిడే పట్టుబట్టింది. మా వాళ్ళు మర్యాద అంటే ప్రాణమిస్తారు, ముందే కబురు పెట్టకుండా వెళ్తే చిన్నబుచ్చుకుంటారు, నేనే చెప్తాను మా అక్కకి అంది. నీ పరువు కోసం అంత తాపత్రయపడిందమ్మా" అన్నాడు.

నా చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. ఆయనకి థాంక్స్ చెప్పాను. మర్యాద కదా.

ఇప్పుడు నిన్ను ఒక్కటే అడుగుతున్నాను, సూటిగా చెప్పు. వాళ్ళు ఊరికే వచ్చి ఉంటే నా గదిలో ఏం చూసేవాళ్ళో నీకు తెలుసు. పాస్టరు గారొచ్చే రోజులా ఉంచమని రాస్తే నేను ఏం చేస్తానో ఈ లోకంలో నీ ఒక్కదానికే తెలుసు. తెలిసే రాశావా? తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను గాని, అమ్మ మాటతో కోయొచ్చని నాకు తెలియదు.

ట్రినా చదువు మానేసింది. ఫెయిర్‌బర్న్‌కి ఈ మంచులో పిల్లనేసుకుని తిరగలేదు, దొడ్డిలో పశువులకి ఎవరు మేత వేస్తారు? చక్కెర దుంపల లారీలు తూచే కాటా దగ్గర చేరింది. అక్కడి చిన్న గదిలో హీటరు పక్కన ఓపల్ కూర్చుంటుంది. మొన్న అటు వెళ్తే, ఆల్బర్ట్ తాత లేచాడా అని నన్ను అడిగింది.

మార్లిస్


ఫెయిర్‌బర్న్,
డిసెంబరు మొదట్లో

అక్కా,

అవును, తెలిసే రాశాను.

ఈ వాక్యం రాయడానికి వారం పట్టింది. ఇప్పుడు మిగతాది కూడా విను. ఉంచేది ఒక్క గదే అని వేసవిలోనే తేలిపోయింది. మాదో, మీదో. మా గదిలోనూ తల్లులున్నారు అక్కా, వాళ్ళకీ పేర్లున్నాయి, వాళ్ళ పిల్లలూ తలుపు కింద బిస్కట్లు తోస్తారు. కమిటీ చెప్పకుండా వచ్చి ఉంటే మీ గది చూసి మాది మూసేసేవాళ్ళు. మాది పోతే నా ఆఫీసు పోయేది, ఈ పదవి పోయేది. కమిటీ ముందు నేను అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. ముందే చెప్పండి అన్నాను, అంతే. పిల్లల్ని పంపేయమని నేను చెప్పలేదు. అలమార నింపమని నేను చెప్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మీరు అడగకపోవడమే కాదు, అన్నీ ఉన్నాయని చూపించారు. ఆ తలుపు నేను మూయలేదు.

కొట్టం గురించి రాశావు. చేతి తొడుగులు ఇచ్చావు, నిజమే. అప్పుడే నా నోరు కూడా మూశావు, అరచేత్తో. "ఏడవకు, పాస్టరు గారు వింటారు" అన్నావు. నాకు ఊపిరాడలేదు. ఆ పేడ వాసనలో, ఆ చీకట్లో నిలబడి, మనం ఉన్నామని ఎవరికీ తెలియకూడదు కాబోలు అనుకున్నాను. ఆ ఇంట్లోంచి బయటపడాలని ఆ రోజే అనుకున్నాను. మీరంతా దాన్ని మర్యాద అంటారు. నాకది ఎప్పుడూ మర్యాదగా అనిపించలేదు. మీ చేతే మీ నోరు మూయించాను, అది తప్పే. కాని ఆ చేయి మీదే అక్కా.

ఇదంతా రాశాక కూడా నాకు నిద్ర పట్టడం లేదు. కాటా దగ్గర కూర్చున్న ఆ పాప కళ్ళ ముందు కనబడుతోంది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

సెలవులిచ్చే రోజున నేను ఆస్టర్‌డాల్ రావాలి. పిల్లల గది తాళాలు తీసుకోవాలి, అది నా ఉద్యోగం. ఆ సాయంత్రం ఇంటికొస్తాను. తిట్టు, కొట్టు, బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడకుండా ఉండు, ఏదైనా పడతాను. వంటింటి తలుపు తీసి ఉంచు, ఎప్పటిలా వెనక నుంచే వస్తాను.

నీ చిన్ని


ఆస్టర్‌డాల్,
డిసెంబరు

డైరెక్టర్ కోరిన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఉన్నదున్నట్టు చెప్పారు. సంతోషం. నోరు మూసిన మాట కూడా నిజమే. నాకు గుర్తుంది. మీరు అంతా దాచకుండా రాశారు కాబట్టి, నేనూ ఒకటి దాచకుండా చెప్తాను. మీ మీద కోపం తగ్గుతుందేమోనని చాలా రోజులు చూశాను. తగ్గలేదు.

మీరు వచ్చే రోజుకి అన్నీ సిద్ధంగా ఉంటాయి. పిల్లలు రావడం ముందే మానేశారు, పిల్లల గది నేల కడిగి మైనం పట్టించాం. బొమ్మలు పెట్టెల్లో సర్దేశాం, కుర్చీలు బోర్లించాం. తిండి అలమార తుడిచి తలుపులు వేశాం. ఆ గది అద్దంలోంచి ల్యాబులో బొమ్మ కనబడుతుంది, ఈ మధ్య దాన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. తాళాలు మేజా మీదే పెడతాను, మీరు నా కోసం వెతుక్కోనక్కర్లేదు.

సాయంత్రం ఇంటికి వస్తానన్నారు. తప్పకుండా రండి. వంటింటి వైపు మెట్లు మంచు గడ్డకట్టి ఉన్నాయి, అటు రావద్దు. ముందు తలుపు తెరుస్తున్నాం. అమ్మ శవపేటిక వెళ్ళాక ఆ తలుపు ఎవరూ తీయలేదు, చెక్క బిగుసుకుపోతే మా ఆయన ఒక చేత్తో నడుము పట్టుకునే నూనె వేసి తీశాడు. మెట్ల మీద మంచు ఎత్తించాం. అమ్మ మంచి పళ్ళేలు దించి కడిగాం. రూబార్బ్ కేకు చేస్తాను, అంచులు కోసేసి.

పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ట్రినా కూతురిని నేనే ఉంచుకుంటున్నాను, వంటింట్లో. ఆ పాప గోల ఎక్కువ, ప్రశ్నలు ఎక్కువ. మీరొచ్చే రోజున లావోన్ వాళ్ళింటికి పంపించేస్తాం, మీకు ఇబ్బంది కలగకుండా. తీగ మీద బట్టలుండవు. బూట్లుండవు. మా ఆయన మంచి చొక్కా వేసుకుంటాడు. ఎలా ఉన్నారని మీరు అడిగితే బాగానే ఉన్నామని చెప్తాం.

ముందు గదిలో కూర్చుంటారు. చాలా నిశ్శబ్దంగా ఉందేమిటని మీకు అనిపించవచ్చు.

ఎప్పుడూ ఇంతేనండి.

ఇట్లు,
మార్లిస్ ఓస్బీ